ఆరు పడగల దవాఖాన

నేను అన్నది పడకలు. ఊరు విన్నది పడగలు. మధ్యలో ఉన్నది నా మైకు.

ధరూర్ మండలంలో ఏ ఊళ్ళో అడిగినా మైకు వెంకటన్న ఇల్లు చూపిస్తారు. పెళ్ళికైనా దినానికైనా, ఓట్లకైనా పోట్లాటకైనా నా ఆటో నెత్తిన రెండు గరాటలు ఉంటాయి. మైకు పట్టుకుంటే నాకు మైకం. ఆ రోజూ అదే మైకంలో, డాక్టర్ అర్చన రాసిచ్చిన కాగితం పట్టుకుని నాలుగూళ్ళు తిరిగాను. కాగితంలో ఉన్నది ఇంతే: "కొంగలదొడ్డి గ్రామ ప్రజలు కలిసి నిర్మించుకున్న ఆరు పడకల ఆసుపత్రి సోమవారం ఉదయం ప్రారంభమగును. అందరూ ఆహ్వానితులే."

ఆసుపత్రి అని మా దిక్కు ఎవరూ అనరు కాబట్టి దవాఖాన అని మార్చాను. ఒక మాట మార్చినవాణ్ణి, పక్క మాట కూడా మార్చి ఉండాల్సింది. మాకు మంచం తెలుసు. నులక మంచం, నవారు మంచం, ఇనుప మంచం, అన్నీ తెలుసు. పడక అనే మాట పేపర్లో పడుకుని ఉంటుందే గాని ఊళ్ళోకి లేచి రాదు. పడగ అలా కాదు. వరిమడి గట్టు మీదా పల్లిచేలోనూ ఎప్పుడంటే అప్పుడు లేచి నిలబడుతుంది. పైగా నా గరాటల్లో ఒకటి వానకు తడిసి లోపలి పొర చిరిగింది. దాంట్లోకి 'క' పోతే 'గ' బయటికొస్తుంది.

అలా పుట్టింది, ఆరు పడగల దవాఖాన.

మొదట విన్నది పెరుగమ్మే ఇందిరమ్మ. గంప నెత్తిన పెట్టుకుని నాలుగూళ్ళు తిరిగే ముసలమ్మ. ఆమె కుండలో పాలు పెరుగవుతాయి, నోట్లో మాట పెరుగుతుంది. ఆటోకు అడ్డమొచ్చి నిలబడింది. నేను ఇంజను ఆపలేదు. అదింకో తప్పు.

"ఓ వెంకటన్నా! ఆరు పడగలా?"

ఇంజను చప్పుడులో నాకు నా మాటే తిరిగి వినబడింది. "ఆరే అవ్వా! ముందుముందు పది జేస్తం."

"నువ్వు కండ్లార సూసినవా?"

"సూసుడేంది, నేనే మోసిన! నాగర్‌కర్నూల్ కెల్లి డీసీఎం బండిల ఏసుకొని తెచ్చినం."

"అమ్మో! గమ్మునున్నయా మరి?"

"ఏడ గమ్మునుంటయి? తొవ్వ పొడుగుత ఒకటే కిర్రుకిర్రు. నూనె పోసినంక ఊకున్నయి. ఇప్పుడు తెల్ల దుప్పట్లు కప్పినం."

ఇందిరమ్మ గంప దించింది. "ముట్టొచ్చునా నాయినా?"

"ముట్టుడేందవ్వా! పానం బాగలేకుంటే పండుకోవచ్చు."

ఆమె రెండు చేతులూ చెంపలకేసుకుంది. పడగను పడకగా చేసుకున్న దేవుడు ఒక్కడున్నాడు గాని ఆయనది మా మండలం కాదు. ముసలమ్మ భక్తి నాకు దవాఖాన మీద గౌరవంలా కనబడింది. సంతోషంగా హారన్ కొట్టి ముందుకు పోయాను.

ఇంతవరకు నవ్వులాటే. కానీ ఆ ఒక్క అక్షరం మీద ఒక మనిషి ప్రాణం వచ్చి ఆగిన రోజు ఉంది. ఆ మనిషి నాగప్ప. ఆ దవాఖానకు జాగా ఇచ్చినవాడు.

అసలు దవాఖాన మొదలైందే నాగప్ప చేను మూలన. మూడేళ్ళ కింద గద్వాలకు పోయే షేరింగ్ ఆటో అక్కడ ఇరుసు విరిగి కూలబడింది. లోపల నాతోపాటు ఉన్న నాగప్ప మేనకోడలు నొప్పులు పడుతోంది. అదే ఆటోలో సారమ్మక్క ఉండడం మా అదృష్టం. ముప్పై ఒక్క ఏళ్ళు రాయచూరు దిక్కు ఒక మిషన్ దవాఖానలో నర్సుగా చేసి, రిటైరై ఊరికొచ్చి వారం కాలేదు ఆమె. మగవాళ్ళందరినీ దింపేసి, నాలుగు చీరలు అడ్డం పట్టించి, అరగంటలో ఆడపిల్లను చేతిలో పెట్టింది. ఆటోలో కాన్పు ఆటోమేటిగ్గా అయిపోయిందని నేను జోకేస్తే, "నీ నోరు పడ! పోయి వేడినీళ్ళు తేరా వెంకటీ" అని తిట్టింది. 

చేలోంచి పరుగెత్తుకొచ్చిన నాగప్ప నవ్వలేదు. ఆ పిల్లను చూశాడు, విరిగిన ఇరుసును చూశాడు, గద్వాల వైపు రోడ్డును చూశాడు. "అక్కా, గీ మూల అర్ధెకరం నీది. దవాఖాన కట్టు" అన్నాడు.

"నేనొక్కదాన్ని ఏం కడ్త నాగప్పా?"

"ఒక్కదానివేంది? ఊరున్నది గద."

ఊరు ఉంది. ఇంటికి ఒకరు చొప్పున కూలికి పోని రోజు వచ్చి పునాది తవ్వారు. రాయి మా గుట్టది, ఇసుక కృష్ణ ఒడ్డుది. స్లాబు పోసిన రోజు నలభైమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి తట్టలందించారు. రెడ్ల వాడ, దళితవాడ, చర్చి వాళ్ళు, గుడి వాళ్ళు, ఒక్క వరస. వెనక మూలన చిన్న పుట్ట ఒకటి ఉంటే, "అది మనకంటే ముందునుంచి ఉన్నది, ముట్టకుండ్రి" అన్నాడు నాగప్ప. ముట్టలేదు. వనపర్తి నుంచి డాక్టర్ అర్చన వచ్చింది. చిన్న పిల్ల, ముప్పై కూడా ఉండవు. సారమ్మక్క ఏ మీటింగులోనో పట్టుకుని అడిగితే, "ఒక ఏడాది చూస్తాను" అంది. నాగర్‌కర్నూల్లో మూతబడిన హాస్టలు నుంచి ఆరు ఇనుప మంచాలొచ్చాయి. 

సోమవారం పొద్దున గేటు తీసేసరికి రెండొందల మంది. చేతుల్లో చెంబులు, చెంబుల్లో పాలు, కొంగుల్లో కోడిగుడ్లు. సారమ్మక్క కళ్ళు తుడుచుకుంది. "సూడు వెంకటీ, రోగులకని తెచ్చిండ్రు" అని పాలతో చాయ పెట్టించి, గుడ్లు ఉడికించి అందరికీ పంచింది. మొదటి రోజు మా దవాఖానలో దవా కంటే ఖానా ఎక్కువైంది.

ఆ తర్వాత రోజుకు ముప్పై మంది, నలభై మంది. బీపీ వాళ్ళు, షుగరు వాళ్ళు, దగ్గు వాళ్ళు. రెండు నెలల్లో ఏడు కాన్పులు. నాకు సంగతి తెలిసింది మూడో సోమవారం. నీళ్ళ ట్యాంకు పైపు చూద్దామని వెనక్కి పోతే, ఇందిరమ్మ పుట్టలో పాలు పోస్తూ పాడుతోంది: "ఆరు పడగల సామీ, నా మోకాళ్ళ నొప్పి తీయి సామీ." చుట్టూ పదిమంది ఆడవాళ్ళు దండం పెడుతున్నారు. 

నా చెవులు రెండూ ఒక్కసారి శుభ్రపడ్డాయి.

చెప్దామనే పోయాను. సారమ్మక్క వరండాలో కూర్చుని ఉంది. "వెంకటీ, నిన్న నలభై మందిరా! ముప్పై ఏండ్లు ఎవరి ఊర్లనో సేవ జేస్తిని. ఇప్పుడు నా ఊరు నా కాడికి వస్తున్నది" అంది. ఆ మొహం చూశాక నా నోటికి తాళం పడింది. పడగని వస్తేనేం, పడకని వస్తేనేం, వస్తున్నారు కదా అనుకున్నాను. వచ్చి మందు తీసుకుంటున్నారు కదా. దీనివల్ల ఎవరికి నష్టం?

ఆగస్టులో తెలిసింది ఎవరికో.

ఆ పొద్దున పదకొండు గంటలకు దవాఖాన వరండాలో పేర్లు పిలవడానికి చిన్న స్పీకరు బిగిస్తున్నాను. ఒక మోటారుబండి గేటులోకి కాదు, గేటు పక్కనుంచి వెనక్కి దూసుకుపోయింది. బండి మీద ముగ్గురు. మధ్యలో నాగప్ప. వెనకే పరుగెత్తుకుంటూ ఆయన భార్య జోగులమ్మ, జుట్టు విడిపోయి, కాళ్ళ నిండా బురద. 

నేను పోయేసరికి నాగప్పను పుట్ట పక్కన, ట్యాంకు నీడలో పడుకోబెట్టారు. చేలో నీళ్ళకు మడవ తిప్పుతుంటే కుడికాలి మడమ మీద కరిచిందట. మోకాలి కింద పగ్గంతో బిగించి కట్టారు. 

"నాగప్పకు నాగే కరిచిందిరా వెంకటా" అన్నాడు నన్ను చూసి. "సుట్టమే గద... ఏం గాదు." 

నవ్వాడు. కానీ ఆ మాట ముక్కులోంచి వచ్చింది. కనురెప్పలు సగానికి వాలి ఉన్నాయి. నేను తిరిగి నవ్వబోయి ఆగిపోయాను.

అర్చన పరుగెత్తుకొచ్చింది. వెనక సారమ్మక్క. "ఎంతసేపైంది?" అంది అర్చన, మోకాళ్ళ మీద కూర్చుని కనురెప్పలు ఎత్తి చూస్తూ.

"గంట కాలె" అన్నాడు బండి నడిపినవాడు.

"లోపలికి తీసుకురండి. వెంటనే. మందు ఎక్కించాలి."

జోగులమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. "సూదులొద్దు డాక్టరమ్మా. మాకు సూదులెందుకు? ఆయన సామికి జాగిచ్చినోడు. సామే సూసుకుంటడు."

"ఏ స్వామి?" అర్చన సారమ్మక్కను చూసింది. సారమ్మక్కకూ తెలియదు. ఆమె పరేషాన్ అయింది. "జోగులమ్మా, జర దారియ్యి బిడ్డా, టైం లేదు."

"టైం సామి ఇస్తడు. ఆరు పడగలున్నయి, ఒక్కటన్న అడ్డం పట్టదా?"

అర్చనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అక్కడే, అప్పుడే నిజం చెప్పేయాల్సింది. కానీ నిజం చెప్పాలంటే రెండు నెలల కథ చెప్పాలి. అబద్ధం పొట్టిగా ఉంటుంది. పొట్టిదాన్నే పట్టుకున్నాను.

"వదినె! గా మందు దేంతోని జేస్తరో ఎర్కేనా నీకు? పాము ఇసంతోనే! గుర్రానికి ఇంతింత ఇసం ఎక్కిచ్చి, దాని నెత్తుర్లకెల్లి తీస్తరు. గా సీసాలల్ల ఉన్నది మందు గాదు, సామి పాలు. సూది గాదది, సామి కోర!"

గుర్రం దాకా నిజం. ఆ తర్వాత వెంకటన్న.

జోగులమ్మ నన్ను చూసింది. పుట్టను చూసింది. "సామి పాలా?" 

"సామి పాలే."

"అట్లయితే ఎక్కియ్యుండ్రి."

అర్చన నా వైపు ఒక్క చూపు చూసింది. అది మాట్లాడే సమయం కాదు. నలుగురం కలిసి నాగప్పను లోపలికి మోసి మూడో మంచం మీద వేశాం. మందు ఎక్కడం మొదలయ్యాక సారమ్మక్క కాలి పగ్గం మెల్లమెల్లగా వదులు చేసింది. కాలికి కట్టిన కట్టు విప్పిందామె. నోటితో నేను కట్టిన కట్టుకథ మాత్రం అలాగే బిగిసి ఉంది.

వార్త ఊరంతా పాకింది. పన్నెండున్నరకల్లా గేటు దగ్గర వందమంది. ఇందిరమ్మ ముందు నిలబడి అందరికీ చెబుతోంది: "సామి పాలంట! సీసాలల్ల నింపి పెట్టిండ్రంట! వెంకటన్ననే చెప్పిండు!" సారమ్మక్క ఆక్సిజన్ సిలిండరు తిప్పితే బుస్సుమని చప్పుడొచ్చింది. కిటికీ దగ్గరున్నవాళ్ళంతా టపటపా దండాలు పెట్టారు. వేరే రోజైతే ఆ బుస మీద నేను పది జోకులు వేసేవాణ్ణి.

దవాఖానలో ఉన్నవి పది సీసాలు. పదీ ఎక్కాయి.

అర్చన మంచం పక్కన కూర్చుని, "నాగప్ప గారూ, గట్టిగా గాలి పీల్చండి. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు చెప్పగలరో చెప్పండి" అంది. 

మొదటిసారి నాగప్ప పంతొమ్మిది దాకా చెప్పాడు. పావుగంట తర్వాత పన్నెండు. కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. తెరవమంటే నుదురు ముడుచుకుంటోంది గాని రెప్ప లేవడం లేదు. తల ఎత్తమంటే ఎత్తలేకపోయాడు. మళ్ళీ అడిగింది.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు..." పెదవులు కదిలాయి. "...ఆరు."

అక్కడ ఆగిపోయింది. ఆరు అంటే అంకె ఒకటే కాదు. ఆరిపోయే దీపానికీ చెప్తాం ఆ మాట. నా జీవితంలో మొదటిసారి ఒక మాటకు రెండు అర్థాలుండడం నాకు నచ్చలేదు.

అర్చన లేచి నిలబడింది. "విషం ఊపిరి కండరాలను పట్టేసింది. గద్వాల పెద్ద దవాఖానలో ఊపిరి మిషను ఉంది, ఇంకా మందూ ఉంది. ఫోన్ చేశాను, వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఇప్పుడు కదిలితే బతుకుతాడు. గంట ఆగితే నేను చెప్పలేను."

అంబులెన్సు అప్పటికే వచ్చింది. డ్రైవరు యోహాను స్ట్రెచరు దించాడు. తలుపు దగ్గర జోగులమ్మ రెండు చేతులూ చాచి నిలబడింది.

"కదిలియ్యం."

"అమ్మా, ఊపిరి ఆగిపోతుంది" అంది అర్చన.

"సామి పాలు ఒంట్లకు పోయినంక సామి నీడ దాటుతరా ఎవరన్న? పాలెట్ల పని జేస్తయి గద్వాలల? ఆడ ఏ సామున్నడు?"

బయట ఇందిరమ్మ అంబులెన్సు ముందు కూలబడింది. "బండి ఎనుకకు తియ్యి యోహానూ! జాగిచ్చినోన్ని సామి కాడికెల్లి ఎత్కపోతరా?" ఆమె పక్కన ఇంకో ఇరవైమంది కూర్చున్నారు. యోహాను హారన్ కొట్టాడు. ఎవరూ లేవలేదు.

నేను అల్లిన రెండు వాక్యాలు నా మీదికే తిరిగి వచ్చాయి. సూది వేయించిన అబద్ధమే ఇప్పుడు స్ట్రెచరును ఆపుతోంది.

సారమ్మక్క నాగప్ప మొహానికి మాస్కు పెట్టి బెలూను నొక్కడం మొదలుపెట్టింది. నొక్కినప్పుడల్లా ఆయన ఛాతీ లేస్తోంది. చెయ్యి ఆపితే లేవడం లేదు. అర్చన నన్ను మూలకు లాగింది.

"వెంకటన్నా, ఈ పడగలేంటి? మీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"ఎప్పటినుంచి?"

"రెండు నెలల కెల్లి."

తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. "నేను చెప్తే వాళ్ళు వినరు. వాళ్ళు నమ్మింది మిమ్మల్ని. మీరే చెప్పండి. నా దగ్గర పది నిమిషాలున్నాయి" అని పోయి సారమ్మక్క చేతిలోంచి బెలూను తీసుకుంది.

విషయం అనే మాటలోంచి ఒక్క అక్షరం మింగితే విషమే మిగులుతుంది. రెండు నెలలుగా నేను మింగింది అదే.

జోగులమ్మ ముందుకు పోయి నిలబడ్డాను. "వదినె, నన్ను సూడు. నేను చెప్పింది అబద్ధం. సామి పాలు గాదది. మందు. అన్ని దవాఖానలల్ల ఉండే మందు."

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "ఏమంటున్నవ్?"

"ఈడ పడగలు లెవ్వు. ఒక్కటి గూడ లేదు. నేను మైకుల చెప్పింది పడకలని. పడక. పండుకునేది. మీకు పడగ అని ఇనబడ్డది. నాకు తెలిసినంక గూడ చెప్పలె."

తలుపు దగ్గర గుంపు ఒక్కసారి భగ్గుమంది. ఇందిరమ్మ అంబులెన్సు ముందునుంచి లేచి కర్ర ఊపుకుంటూ వచ్చింది. "నమ్మకు జోగులమ్మా! గీనితోని డాక్టరమ్మ చెప్పిస్తున్నది! ఏమిరా వెంకటన్నా, పొద్దుగాల సామి పాలంటివి. ఇప్పుడు సామే లేడంటవు. ఏదిరా అబద్ధం?"

"పొద్దుగాలది అవ్వా."

"ఇప్పటిది గాదని ఏంది గ్యారంటీ?"

నా దగ్గర గ్యారంటీ లేదు. ఇరవై ఐదేళ్ళు మైకులో అమ్మిన మాటలన్నీ అక్కడ చెల్లకుండా పోయాయి. ఎవరో వెనకనుంచి నా చొక్కా పట్టుకున్నారు. ఇంకెవరో, "జాగిచ్చినోన్ని సంపుతున్నవురా" అన్నారు. లోపల అర్చన బెలూను నొక్కుతూ అంకెలు లెక్కపెట్టుకుంటోంది.

"వదినె, నన్ను తర్వాత కొట్టు. అందరు కొట్టుండ్రి. జర లోపలికి రా. ఒక్కసారి సూడు." 

జోగులమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ఆ చూపు కింద నేను ఎంత చిన్నవాణ్ణయ్యానో నాకే తెలుసు. తర్వాత మెల్లగా, నాతో కాదు, ఇందిరమ్మతో అంది: 

"పొద్దుగాల గీడు చెప్పిన మాటకు గీనికి పేరొచ్చింది. ఇప్పుడు చెప్పే మాటకు చెప్పులొస్తయి. చెప్పులు తినే మాట ఎవడన్న కల్పించి చెప్తడా అవ్వా?"

ఇందిరమ్మ ఎత్తిన కర్ర దించింది.

"ఆడ ఏం లేదంటవు" అంది జోగులమ్మ నాతో.

"ఏం లేదు వదినె. మంచాలే. ఆరు మంచాలు."

"మరి ఆయనను ఎవరు సూసుకుంటున్నరు ఇప్పటిదాంక?"

నేను లోపలికి చూపించాను. అర్చన చేతిలో బెలూను. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. సారమ్మక్క నాగప్ప దవడ ఎత్తి పట్టుకుని, పెదవుల్లో ప్రార్థన చేసుకుంటోంది.

జోగులమ్మ కొంగు నడుముకు బిగించింది. పోయి స్ట్రెచరు ఒక పక్క పట్టుకుంది. "అట్లయితే ఈడెందుకున్నమింక? లేవట్టుండ్రి!" 

ఆ అరుపుకు అంబులెన్సు ముందు కూర్చున్నవాళ్ళు లేచారు. దారి దొరికింది. నాగప్పను ఎక్కించారు. అర్చన బెలూను వదలకుండానే ఎక్కింది. జోగులమ్మ ఎక్కింది. తలుపు వేస్తూ యోహాను, "అన్నా, తొవ్వల గొర్లు గిట్ల అడ్డమొస్తే నీ మైకు పనికొస్తుండె" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

ఒంటిగంటా ముప్పావుకు బండి పోయింది.

ఆ తర్వాత రెండు గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. గుంపు కదల్లేదు. నన్ను కొట్టనూ లేదు, వదలనూ లేదు. సారమ్మక్క వరండా మెట్టు మీద కూర్చుంది. నేను కింద నిలబడ్డాను. నా వైపు చూడకుండానే అక్క అంది:

"నా ఊరు నా కాడికి వస్తున్నదని సంబరపడితి గదరా వెంకటీ. పాము కాడికొచ్చిండ్రా?"

"అక్కా, వచ్చింది పాముకే గావొచ్చు. మందు తీసుకున్నది నీ చేతులనే."

"నోర్ముయ్యి. నీ మాటలింక నాకొద్దు." 

ఆమె చేతులు ఇంకా బెలూను నొక్కుతున్నట్టే ఒళ్ళో కదులుతున్నాయి. నాగప్ప పోతే ఈ గేటు దాటి ఎవరూ రారు. మాకిద్దరికీ తెలుసు. కానీ ఆ క్షణం నాకు గేటు గురించి దిగులు లేదు. ఆరు దగ్గర ఆగిన గొంతే చెవిలో తిరుగుతోంది.

మూడూ యాభైకి సారమ్మక్క ఫోను మోగింది. ఆమె ఎత్తలేకపోయింది. నా చేతికిచ్చింది. నొక్కి స్పీకరు పెట్టాను. అర్చన గొంతు, బొంగురుగా:

"సిస్టర్, మిషను పెట్టారు. ఇంకో పది సీసాలు ఎక్కించారు. ఇప్పుడే వేలు కదిలించాడు. జోగులమ్మ పిలిస్తే చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డాక్టర్లు గండం గడిచినట్టే అంటున్నారు. రెండు మూడు రోజులు మిషను మీదే ఉండాలి."

సారమ్మక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. గుంపులో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఆ ఊపిరి ఒకరి నుంచి ఒకరికి పాకి గేటు దాకా పోయింది. 

అప్పుడు ఇందిరమ్మ కర్ర నేలకు కొట్టింది. "ఇగ చెప్పు. మొదటికెల్లి చెప్పు. అందరికి ఇనబడేటట్టు."

ఎవరో నా ఆటోలోంచి మైకు తెచ్చిస్తే వద్దన్నాను. మెట్టెక్కి ఉత్త గొంతుతో మొదలుపెట్టాను. కాగితం సంగతి, చిరిగిన గరాట సంగతి, క లోపలికి పోతే గ బయటికి రావడం, అన్నీ చెప్పాను. "డాక్టరమ్మ రాసింది ఆరు పడకల దవాఖాన అని. పడక అంటే మంచం. ఆరుగురు పండుకునే జాగ ఉన్నదని లెక్క. అంతే."

"మంచాన్ని పడక అని ఎవరంటరు?" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"కాగితాలల్ల అంటరు."

"మరి నాగర్‌కర్నూల్ కెల్లి ఏసుకొచ్చినమంటివి?" ఇందిరమ్మ వదిలేలా లేదు.

"మంచాలే అవ్వా."

"కిర్రుకిర్రుమన్నయంటివి?"

"తుప్పు పట్టిన ఇనుము. డీసీఎం ఊగితే అనయా?"

"నూనె పోసినమంటివి గదరా! నేను నాలుగూళ్ళల్ల చెప్పిన, సామికి నూనె పోసిండ్రని!"

"మంచం కీళ్ళకు పోసినం."

"దుప్పటి?"

"పరుపు మీదికి."

ఆమెకు ఇంకొకటి గుర్తొచ్చింది. "నేను మొదటినాడు తెచ్చిన పాలు?"

"నేను చాయ పెట్టిన" అంది సారమ్మక్క, కొంగులోంచి.

ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కవాళ్ళు వాళ్ళను గుంజారు. 

"మంచం అని చెప్తే నీ నోరు పడిపోతుండెనారా?" అంది ఇందిరమ్మ. 

"తప్పయింది అవ్వా. తెలిసినంక గూడ మూసుకొని ఉన్న. అది ఇంకా పెద్ద తప్పు. మీరు పుట్టకు మొక్కుకుంటే మొక్కుకోండ్రి, అది మీ ఇష్టం. పాము కరిస్తే మటుకు ఈ తలుపులకే రావాలె. ఈడ కాదంటే గద్వాలకు పోవాలె. గది చెప్పనీకె నా గొంతు చాలు."

గేటు అవతల, రోడ్డు మీద నిలబడ్డ ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచాడు: "ఏమన్నడు? ఏం పడిందన్నడు?"

నేను నోరు తెరవబోయాను. ఇందిరమ్మ నన్ను కర్రతో పక్కకు నెట్టి, నా మెట్టెక్కి, నాలుగూళ్ళకు పెరుగు అమ్మిన గొంతుతో కేక వేసింది:

"మంచాలంట! ఆరు మంచాలంట! పాము లేదు గీము లేదు! నాగప్పను బతికిచ్చింది డాక్టరమ్మ, సారమ్మ! ఇన్నవా? మంచం! మం-చం!"